జొన్నరొట్టె పిండి

నిజామాబాద్ బస్సుకు టైమవుతోంది. మూడు నెలల బిడ్డ విరేచనంలో పొద్దున మళ్లీ నెత్తురు జీర కనబడింది. కోడలు ఆ గుడ్డను డాక్టర్‌కు చూపించడానికి సంచిలో పెడుతుంటే, అత్త పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది.

“మళ్ల దవాఖానకేనా? సగం పదో తరగతికే నీకు గింత డాక్టరీ వచ్చె. మొత్తం సదివితె బోధన్‌ల దవాఖాననే పెడుతుంటివి.”

“ఈసారి గూడ తగ్గకపోతే నా పాలు బందు పెట్టి డబ్బపాలు పట్టుమన్నడు, అత్తమ్మ. చాయ్ ఇడిసిన, పెరుగు ఇడిసిన. ఇంకేం ఇడువాలె?”

“తల్లి బర్రెపాలు తాగితె బిడ్డకు పడదట. బర్రె నీ రొమ్ములకెల్లి దూరి పోతదేమో.”

“దూరుతదనే చెప్పిండు. అందుకే నువ్వు పెట్టిన ఉత్త రొట్టె, కారమే తింటున్న.”

“ఉత్త రొట్టె తింటె నీకు పాలు పడ్తయా? నాకు గంత తెల్వదా? దినాం నీ రొట్టెల పిండి బర్రెపాలతోనే తడుపుతున్న.”

“దినామా?”

“మరి? బక్కగైతున్నవు. చెప్తె తినవని చెప్పలె.”

బిడ్డకు తన పాలు మాన్పించాల్సిన పని లేదేమోనని కోడలికి మొదటిసారి అనిపించింది. బిడ్డను భుజానేసుకుంది.

“నడువు అత్తమ్మ, నువ్వు గూడ రా. బర్రె ఏ తొవ్వల దూరిందో డాక్టర్‌కు నువ్వే చెప్దువు.”