జుట్టు మందుకు అనుపానం

"జేజీ, నీకు గూడా నెత్తిన జుట్టు రాలిందంట గదా, నాయన చెప్పె" అంటావా? మీ నాయనకేం తెలుసే, వాడప్పుడు నా సంకలో ఉండె. వాడు పుట్టినంకనే గదా రాలింది. కూర్చో అమ్మీ, చెప్తా. నువ్వు ఆ జుట్టు మందు సీసాలకు పోసే దుడ్లు వింటే నాకు కండ్లు తిరుగుతాండాయి. మా కాలంలో ఆ దుడ్లకు రెండు ఎద్దులు... రెండెక్కడ, ఒక ఎద్దు వచ్చేది. సరేలే.

పెండ్లి నాటికి నా జడ ఇంతుండె, ఈడికి, నడుం దాటి. గొప్పకు చెప్పడం లేదు. మా చిన్నమ్మ జడేస్తా చేతులు నొస్తాండాయని తిట్టేది. పెండ్లయి బేతంచెర్ల పక్క పల్లెకు వస్తి. మా మామ అప్పటికే లేడు. ఇంట్లో మా అత్త, మా బావ, ఆయన పెండ్లాం సుబ్బక్క, మీ జేజినాయన, నేను. మా బావ నాపబండలు బండికేసి స్టేషనుకు తోలేవాడు. మీ జేజినాయన బండి ముందర కూర్చోని మాట్లాడేవాడు. మాట్లాడ్డం ఆయనకు శానా బాగొచ్చు.

మీ నాయన పుట్టినంక నాకు బాలింత పత్తెం పెట్టిరి. నీకేం తెలుసులే పత్తెమంటే. మూణ్ణెల్లు కొర్రన్నం, ఎల్లిపాయ కారం, అంతే. నేను పాలు తాగితే పిల్లోనికి జలుబంట, పప్పు తింటే వాయువంట, గుడ్డు తింటే వేడంట. పిల్లోడు గుండ్రాయి మాదిరుండె, నేను వాసానికి చీర చుట్టినట్లుంటి. పత్తెం అయిపోయినంకనన్నా ఏముంది? మొగోళ్ళు తినాల, పిల్లోళ్ళు తినాల, పనోళ్ళకు పెట్టాల, అప్పుడు గదా మనం. అప్పటికి కుండలో అడుగంటిన సంగటి, పులుసు నీళ్ళు. మా అత్త చెడ్డదని అనుకునేవు. కాదు. ఆమె గూడా అదే తినేది. ముగ్గురాడోళ్ళం కుండ చుట్టూ కూర్చోని గీకేవాళ్ళం.

అయిదో నెల్లో దువ్వెనకు కుచ్చులు కుచ్చులు రాబట్టె. పొద్దున లేస్తే దిండు మీద ఒక కోడిపిల్లంత జుట్టు. నడినెత్తిన అరచేయంత బోడి. మా అత్తకు భయం పట్టుకునె. నాకేమైతాదోనని కాదమ్మీ. మొగుడున్న ఆడది బోడినెత్తితో తిరిగితే మొగునికి కీడంట. "నా కొడుకు రాయి మాదిరుండంగనే ఇదేం ఖర్మమే" అనేది.

ఆ కొడుకు నెత్తి సంగతి చెప్పాల నీకు. ముప్పై నిండకనే నాపబండ పరిచినట్లుండె. మిట్టమధ్యాన్నం ఎదురుగా వస్తే కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల. దానికి ఎవరన్నా వైద్యం చేయిస్తిరా? లేదు. బట్టతల అదృష్టమంట, భూములు కలిసొస్తాయంట. ఏ భూమీ రాలే. ఉన్న చేన్లో గూడా రాళ్ళే.

నాకు మాత్రం ఎన్ని వైద్యాలో! ఉల్లిగడ్డ కోసి రుద్దిరి. ఊరి వైద్యుడు గుంటగలగరాకు నూనె కాచిచ్చె. అది పూస్తే నెత్తి పచ్చగాయె గానీ మొలకైతే రాలే. తర్వాత కర్నూలు నుంచి సంతకొచ్చే హకీం సాబు, ఎలుగుబంటి కొవ్వని ఒక డబ్బీ ఇచ్చె. దాని వాసన... నువ్వు నమ్మవు అమ్మీ, నేను పాలు పితకను పోతే మా బర్రె గుంజ పెరుక్కోని చేన్లల్లో పడి పాయె. రెండు పూటలు పాలియ్యలే. మా అత్త ఆ డబ్బీ ఎత్తి దిబ్బలో పారేసి, "నీ నెత్తి సంగతి దేవుడెరుగు, ముందు బర్రె ఎండిపోయేట్లుండాది" అనె. అయినా ఒక మాట చెప్పాల. ఈ నూనెలకు, కొవ్వులకు ఒక్కనాడు గొణగలేదు. అడిగినంత ఇచ్చె.

ఆఖరికి ఒక సవరం తెచ్చె. ఉన్న నాలుగు వెంట్రుకలకు దాన్ని ముడేసుకోని తిరుగుతాంటి. ఒకనాడు బాయికాడ, ఊరి ఆడోళ్ళంతా ఉండంగ, వంగి నీళ్ళు తోడుతాంటే ఎనకనుంచి ఎవరిదో దూడ వచ్చి జడ నోట్లో పెట్టుకునె. నేను బిందెతో ముందుకు, అది జడతో ఎనక్కు. కడాకు సవరం దానికి పోయె, బోడి నాకు మిగిలె. అందరూ నవ్విరి. నేను గూడా నవ్వితి. ఇంటికొచ్చి గడ్డివాము చాటున ఏడిస్తి.

ఆ పొద్దే మా అత్త తమ్మునికి కబురు పెట్టె. ఆయన కూతురికి పదహారేండ్లు, జడ మోకాళ్ళ కాడికి. "ఉగాది లోపల దీనికి జుట్టు రాకపోతే నీ బిడ్డను మా చిన్నోనికి చేసుకుంటా" అని. మీ జేజినాయన ఏమనె అంటావా? "మా అమ్మ ఎట్లంటే అట్ల" అనె. మాట్లాడ్డం బాగొచ్చని చెప్తి గదా. ఒకరుండంగ ఇంకొకర్ని చేసుకోగూడదని అప్పటికే చట్టం వచ్చిందంట. వచ్చి బేతంచెర్ల స్టేషన్లో దిగిందేమో, మా ఊరికి బండి దొరికినట్లు లేదు.

నాకు కడుపు మండె. "అత్తా, నీ కొడుకు నెత్తి చూసి నేను రెండో మొగుణ్ణి తెచ్చుకుంటానంటినా?" అంటి. మూడు దినాలు నాతో మాట్లాడలే. నాలుగోనాడు వచ్చి, "కర్నూల్లో ఎవరో డాక్టరమ్మ ఉండాదంట. కడాసారి చూపిస్తా పా" అనె. అప్పటికి దీపావళి పోయింది. ఉగాదికి అయిదు నెల్లుండాది.

డోన్లో బండి మారి పోతిమి. కర్నూలు అప్పుడు రాజధాని. రాజధానంటే ఏముంది, గుడారాలు. ఆఫీసర్లు ఆ గుడారాల్లో కాగితాలు గాలికి పోకుండా నాపబండ ముక్కలు పెట్టుకునేవాళ్ళంట. అవి మనవే అని మీ జేజినాయన ఊరంతా చెప్పుకున్నాడు.

డాక్టరమ్మ కిరస్తానం ఆమె. ఓర్వకల్లు పక్క పల్లె, అమ్మానాయన కూలోళ్ళంట. మా అత్త బెంచీ అంచున కూర్చునె, గోడ తగలకుండా. నీళ్ళిస్తే దప్పి లేదనె, నాలిక పిడచగట్టుకపోతాన్నా. డాక్టరమ్మ ఏమీ అనుకోలే. నా కంటి రెప్ప కిందికి లాగి చూసె. "నిన్న ఏం తింటివమ్మా?" అనె.

నేను నోరు తెరిచే లోపల మా అత్త, "మా ఇంట్లో దేనికి తక్కువమ్మా? రెండు బర్రెలు, ఆరు కోళ్ళు" అనె.

"బర్రెల్ని అడగలేదు పెద్దమ్మా. ఈమె ఏం తినిందని అడిగితి."

"అందరూ తిన్నదే."

"అందరితోనా, అందరూ తిన్నంకనా?"

మా అత్త కొంగు సర్దుకునె. డాక్టరమ్మ ఆమెను మందు సీసా కడిగించుకోని రమ్మని కంపౌండరు కాడికి పంపె. అప్పుడు మన సీసా మనమే తీస్కపోవాల గదా.

"నీ నెత్తికి ఏమీ కాలేదమ్మా. ఒంట్లో నెత్తురు లేదు. కాన్పులో పోయింది, మళ్ళీ పట్టలే. గుడ్డు, పాలు, పప్పు తిను. ఆదివారం కార్జం తిను. జుట్టు అదే వస్తాది" అనె. నేను ఏడిస్తి. "దీనికి ఏడుస్తారా?" అనె. "అమ్మా, ఎలుగుబంటి కొవ్వు కావాలంటే మా ఇంట్లో తెచ్చిస్తారు. గుడ్డు మాత్రం ఇయ్యరు. గుడ్డు మొగోళ్ళది. మీరు తిండని చెప్తే మా ఊరు చేరేలోపల మర్చిపోతారు. మందని చెప్పండమ్మా, మీ కాళ్ళు మొక్కుతా" అంటి.

డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకునె. మా అత్త సీసా తెచ్చేసరికి డాక్టరమ్మ మొగం చూడాల! ఎవరో చచ్చినట్లుండె. "పెద్దమ్మా, ఇది శానా తీక్షణమైన మందు. దీనికి అనుపానం ఉండాది" అనె.

మా అత్త సర్దుకోని కూర్చునె. అనుపానమంటే ఆమెకు తెలుసు. భస్మానికి తేనె, చూర్ణానికి నెయ్యి, అవి లేకుండా మందు పని చెయ్యదని. "ఏం అనుపానమమ్మా?" అనె, ఈసారి బెంచీ మీద నిండుగా కూర్చోని.

"పొద్దున ఇంట్లో మొగోళ్ళు ముట్టకముందు పది చుక్కలెయ్యాల. దాని మీద ఒక గుడ్డు, గిన్నెడు పాలు, కడుపు నిండా పప్పన్నం. ఆదివారం కార్జం."

"తప్పితే?"

"ఉన్న నాలుగు గూడా రాలతాయి. కనుబొమ్మలతో సహా."

అంతే అమ్మీ. మర్నాటి నుంచి మా అత్త నా ముందర కూర్చోని చుక్కలు తానే ఎయ్యడం, "ఇంకొక ముద్ద తిను, మందు వికటిస్తాది" అని తరమడం. మీ జేజినాయన గడపలో నిలబడి చూసి చూసి, "ఒక గుడ్డు ఇట్లెయ్యమ్మా" అనె ఒకనాడు. "నీకేముందని రాలను?" అనె మా అత్త. నాకు పాలు ముక్కులోనుంచి వచ్చె.

సంక్రాంతి పోయేసరికి నెత్తిన నూగు కనపడె. అది చూసి సుబ్బక్క వచ్చె, చేతిలో ఒక ఉండ జుట్టు పెట్టుకోని. "అత్తా, నాది గూడా రాల్తాండాది." నేను చూస్తి. అది మా బర్రె తోకది. "అయ్యో అక్కా, శానా రాలిందే!" అంటి. ఆమెకూ చుక్కలు, ఆమెకూ గుడ్డు.

ఇంకొక పొద్దున మా అత్తే వచ్చి నా పక్కన కూర్చునె. గుప్పిలి విప్పె. తెల్లవి, సన్నవి. అవి మాత్రం నిజం వెంట్రుకలే. ఎన్నేండ్ల నుంచి రాల్తాండాయో, ఎవరు చూసిరి? చుక్కలేసి గుడ్డు చేతిలో పెడితి. దాన్ని శానాసేపు చూసె. "పూర్తి గుడ్డు తిని ఎన్నాళ్ళాయెనో మే" అనె. కొంచెం ఉప్పు అడిగె, ఇస్తి.

ఉగాదికి వారం ఉండంగ ఆమె తమ్ముడు వచ్చె, ఆకూవక్క, అరటిపండ్లతో. మేము ముగ్గురం లోపల తింటాండాము. నా నెత్తి అప్పటికి కోసిన కొర్ర చేను మాదిరుండె, జుట్టంటే జుట్టు, లేదంటే లేదు. కొంగు నెత్తిన కప్పుకుంటి. ఆయన గడపలోనుంచే, "ఏమక్కా, ముహూర్తం చూపిద్దామా?" అనె.

మా అత్త నోట్లో ముద్ద నిదానంగా మింగె. "నీ బిడ్డకు జడ మోకాళ్ళ దాకా ఉండాదంటివే?"

"ఉండాది గదా!"

"అయితే ఈ ఇంటికి ఇయ్యద్దు రా. ఈడికొచ్చిన ఆడదానికి జుట్టు నిలవదు. నాకు నిలవలే, పెద్దదానికి నిలవలే. చిన్నదానికి ఇప్పుడిప్పుడే వస్తాండాది, దాన్ని కదిలించద్దు."

"మరి నాకు మాటిస్తివి?"

"ఇస్తి. ఇప్పుడు తీసుకుంటాండా. నీ బిడ్డకు కడుపుకింత పెట్టే ఇల్లు చూసుకో. పోయి అరుగు మీద కూర్చో, మేము తిన్నంక నీకు పెడతాం."

ఆయప్ప ఆడోళ్ళు తినేదాకా అరుగు మీద కూర్చోవడం పుట్టి అదే మొదలు. మీ జేజినాయన గూడా పోయి పక్కన కూర్చునె. ఇద్దరూ అరటిపండ్లు తిన్యారు పాపం, తెచ్చినవే.

మందు సీసా ఆ నెల్లోనే అయిపాయె. మా అత్త ఖాళీ సీసా ఎండకు ఎత్తి చూసి, కడిగి, అటక మీద పెట్టె. మర్నాడు పొద్దున మూడు గుడ్లు ఉడకేసె. చుక్కలు లేకుండానే ముగ్గురం కూర్చోని తింటిమి...

బాగుండు అమ్మీ. నువ్వు తినేదానికి ఎవరికీ సాకు చెప్పాల్సిన పని లేని బతుకు బతుకు. నూరేండ్లు.