వంగిన ముక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది పిల్లితో కలిపి నలుగురు. వంటింట్లో అమ్మమ్మ, గదిలో బట్టలు సర్దుకుంటున్న పిన్ని, మిక్సీ పక్కన కునుకు తీస్తున్న పిల్లి, ఎండబెట్టిన అరటికాయ ముక్కల పళ్లెంతో డాబా దిగొచ్చిన మనవరాలు.

"అమ్మమ్మా, ఎండిపోయాయి. పిండి పట్టేద్దామా? పిన్నికి గోధుమపిండి పడదుగా, సాయంత్రం బస్సుకి ఇదిచ్చి పంపాలి."

"ఏదీ, ఒక ముక్క ఇలా ఇవ్వు. చూశావా, వంగుతోంది. ఫట్‌మని విరగాలే! ఇప్పుడు పిండి పడితే నాలుగు రోజులకే డబ్బా నిండా బూజు."

"పోనీ, పెనం మీద వేడి చేస్తే?"

"పైన మాడుతుంది, లోపల తడి తడిగానే ఉంటుంది. రేపొక్క ఎండ తగిలితే చాలు."

"రేపటికి పిన్ని ఉండదుగా!"

"ఉండమని అడుగు."

"అమ్మో, నేనా? నువ్వే అడుగు. నీ కూతురేగా."

"నేనడిగితే 'మళ్లీ మొదలెట్టావా అమ్మా' అంటుంది. నువ్వడిగితే కాదనదు."

"నాకు నోరు పెగలదు అమ్మమ్మా."

"పొద్దుట్నుంచీ డాబా మీద కాకులతో అంత పోట్లాడావు, అప్పుడెలా పెగిలిందే?"

"అవి తిట్టినా నాకర్థం కాదుగా!"

"సరే, మాట రాకపోతే ఈ ముక్క వంచి చూపించు. నా కూతురు, దానికి అర్థమవుతుంది."

"అర్థం కాకపోతే?"

"అప్పుడు నీకు మాట అదే వస్తుంది. నడు."

మనవరాలి చేతిలో వంగిన ముక్క పెట్టి, పిన్ని గదిలోకి ఒక్క తోపు తోసి, అమ్మమ్మ బయటినుంచి తలుపు వేసేసింది.