నలభై ఒక్క ఫారాలు మళ్ళీ తెరిచిన దేవకుమారిగారు

రెండు వేల పదమూడు ఆగస్టు అయిదవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీమతి దేవకుమారిగారు మా కౌంటీ మానసిక ఆరోగ్య, వ్యసన విముక్తి సేవల విభాగంలో నర్సుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. నిలువ నీడ లేనివారు ఆసుపత్రికి వచ్చేదాకా ఎదురుచూడకుండా, వంతెనల కిందికీ, పార్కింగ్ స్థలాల వెనక్కీ మేమే వెళ్ళి వైద్యం చేసే ఔట్‌రీచ్ బృందం మాది. అప్పటికి ఆమె వయసు యాభై మూడు. పశ్చిమ గోదావరిలోని ఒక మిషన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళు, ఈ దేశం వచ్చాక శస్త్రచికిత్సల వార్డులో పద్దెనిమిదేళ్ళు సేవలందించిన ఆ అనుభవశాలి, హాయిగా కూర్చుని చేసే ఉద్యోగం ఎంచుకోవలసిన వయసులో బురదలో నడిచే ఉద్యోగం ఎంచుకున్నారు. మా విభాగం వార్తాపత్రిక ఈ సంచికలో స్పానిష్, సోమాలీ, వియత్నామీస్ పుటల సరసన ఒక తెలుగు పుట ఉండాలని ఆమె కోరలేదు. ఆమె కుటుంబమూ, బాతెల్ పట్టణంలో ఆమె వెళ్ళే తెలుగు చర్చి వారూ చదవాలని మేమే పట్టుబట్టాం.

మొదటి రోజే ఆమె ఒక ప్లాస్టిక్ బేసిను, రెండు తువ్వాళ్ళు, చర్చిలో పోగుచేసిన అరవై జతల మేజోళ్ళు చంకన పెట్టుకుని వ్యాన్ ఎక్కారు. ఆ వ్యాన్ నడిపేది రాజారావు, అంటే ఈ నాలుగు మాటలు రాస్తున్న మనిషే. బేసిను ఎందుకక్కా అని రాజారావు అడిగితే, "వీధిలో బతికేవాళ్ళకి ముందు పాడయ్యేది కాళ్ళు తమ్ముడూ. తలలో ఏముందో తర్వాత చూద్దాం," అన్నారు. ఆమె నడకను అందుకోలేక తన పొట్ట తగ్గిందని రాజారావు ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. నిజానికి అదేమీ తగ్గలేదు.

ఇక్కడ వెండెల్ గారిని పరిచయం చేయాలి. ఆయన అనుమతితోనే పేరు రాస్తున్నాం. రాయకపోతే ఊరుకోనని కూడా హెచ్చరించారు. పడవలు తయారుచేసే వడ్రంగిగా నలభై ఏళ్ళు పనిచేసి, భార్య పోయాక మద్యానికి బానిసై, నది ఒడ్డున గుడారంలో ఉంటున్న పెద్దమనిషి. ఆ సంవత్సరం అక్టోబరులో దేవకుమారిగారు ఆయన పేరు గృహవసతి జాబితాలో చేర్చడానికి వెళ్ళారు. దానికొక ఫారం ఉంది. మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో తేల్చడానికి పదిహేడు ప్రశ్నలు. ఎన్ని కష్టాలుంటే అన్ని పాయింట్లు, ఎన్ని పాయింట్లుంటే అంత త్వరగా గది.

ఆ ప్రశ్నలు కాగితం మీద మొరటుగా ఉంటాయి. స్నానం మీరే చేసుకోగలరా, తాగి ఎక్కడైనా పడిపోయారా, మిమ్మల్ని ఎవరైనా కొట్టారా. తన పెద్దన్నయ్య వయసు మనిషిని, మొదటి పరిచయంలో, ముఖంలో ముఖం పెట్టి ఈ మాటలు అడగడానికి దేవకుమారిగారికి నోరు రాలేదు. పెద్దవారి పరువు కాపాడుతూ మాట్లాడడం నేర్పిన పెంపకం ఆమెది. అందుకని ప్రతి ప్రశ్ననూ మెత్తబరిచారు. "మీ పనులన్నీ మీరే చూసుకుంటారు కదండీ? ఆరోగ్యం కొంచెం పర్వాలేదు కదా?"

"భేషుగ్గా ఉన్నాను మేడమ్," అన్నారు వెండెల్ గారు, చొక్కా గుండీలు సర్దుకుంటూ.

పదిహేడుకు మూడు పాయింట్లు వచ్చాయి. ఇద్దరూ పరీక్ష పాసైనంత సంతోషంగా కరచాలనం చేసుకున్నారు.

ఫిబ్రవరిలో ఆ సంతోషం ఖరీదు తెలిసింది. గడ్డకట్టే చలిలో తడి బూట్లతో పడుకున్న వెండెల్ గారి ఎడమ కాలికి కుళ్ళు పట్టి, ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చూడడానికి వెళ్ళిన దేవకుమారిగారు తిరిగి వస్తూ, జాబితాలో ఆయన స్థానం ఎక్కడుందో వెతికారు. నాలుగు వందల పన్నెండు. పాత ఫారం తెరిచి, తన చేత్తో తాను రాసిన జవాబులు ఒక్కొక్కటే చదివారు. తర్వాత ఆ ఆరు నెలల్లో నింపిన మిగతా ఫారాలన్నీ బల్ల మీద పరుచుకుని చదివారు. ఆయనదితో కలిపి మొత్తం నలభై ఒక్కటి. అన్నిటిలోనూ అందరూ భేషుగ్గానే ఉన్నారు.

ఆమె అప్పటికింకా ఏడాది ప్రొబేషన్‌లో ఉన్నారు. భర్త సామ్యూల్ గారి కంపెనీ అంతకు ముందు నెలలోనే ఆయన్ని లేఆఫ్ చేసింది. కూతురు క్రిస్టీ కాలేజీలో మొదటి ఏడాది. ఇంటిల్లిపాది ఆరోగ్య బీమా ఆమె ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నాక ఆమె సంగతి చెప్పారు.

సామ్యూల్ గారు, "కుమారీ, ఆయనకి ఇప్పుడు సర్జరీ అయింది. కండిషన్ మారిందని చెప్పి కొత్త ఫారం ఫిల్ చెయ్యి. తప్పు నీదని ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"కొత్త ఫారం అయితే ఈ రోజు డేట్ పడుతుందండీ. ఆయన అక్టోబర్ నుంచి లైన్‌లో నిలబడ్డాడు. మిగతా నలభై మందికి సర్జరీ అయ్యేదాకా నేను వెయిట్ చెయ్యాలా?"

"మమ్మీ, దే విల్ ఫైర్ యూ," అంది క్రిస్టీ.

"చేస్తే చెయ్యనీ. భయంగానే ఉంది నాకు," అన్నారు దేవకుమారిగారు. ఆ పూట పప్పుచారు ఎవరూ ముట్టుకోలేదని సామ్యూల్ గారే మాకు చెప్పారు.

సోమవారం ఆమె ఒక ఉత్తరం రాసి మా పర్యవేక్షకురాలు లొరెయిన్ బల్ల మీద పెట్టారు. మర్యాద పేరిట ప్రశ్నలు మార్చి అడిగానని, ఫలితాలన్నీ తప్పని, దోషం తనదేనని, పాత తేదీలు చెరపకుండా అందరినీ మళ్ళీ విచారించే అనుమతి ఇవ్వమని రాసి, కింద నలభై ఒక్క పేర్లూ తన చేతివ్రాతతో వరసగా రాశారు. లొరెయిన్ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"దీన్ని నేను పైకి పంపితే నీ ఉద్యోగం నా చేతిలో ఉండదు."

"పంపండి," అన్నారు దేవకుమారిగారు.

రెండు వారాలకు జవాబు వచ్చింది. లిఖితపూర్వక హెచ్చరిక, ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగింపు. రెండో పేరాలో అసలు వరం: పాత తేదీలు అలాగే ఉంటాయి, ముప్పై రోజుల్లోగా అందరి ఫారాలూ మళ్ళీ నింపాలి. హెచ్చరిక అందుకుని ఆనందంతో గంతులేసిన ఉద్యోగిని మా కార్యాలయ చరిత్రలో ఆమె ఒక్కరే.

ఆ ముప్పై రోజులు తలుచుకుంటే రాజారావుకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ముందుగా వెళ్ళింది వెండెల్ గారి దగ్గరికే. ఆయన కోలుకునే కేంద్రంలో మంచం మీద ఉన్నారు. దేవకుమారిగారు బేసినులో గోరువెచ్చని నీళ్ళు పట్టి, నేల మీద కూర్చుని, ఆయన కుడి కాలు కడుగుతూ మొదలుపెట్టారు.

"పోయినసారి నేను తప్పుగా అడిగాను సార్. మళ్ళీ అడుగుతాను. పరువు కాసేపు పక్కన పెడదాం, మీదీ నాదీ."

ఆమె తల ఎత్తలేదు. గోళ్ళు కత్తిరిస్తున్నారు. అప్పుడు వెండెల్ గారు, ఆసుపత్రిలో చేరేనాటికి తాను స్నానం చేసి నాలుగు నెలలైందని చెప్పారు. తాగి రోడ్డు మీద పడిపోయింది ఎన్నిసార్లో చెప్పారు. గుడారంలో తనను కొట్టి దుప్పట్లు లాక్కెళ్ళిన వాళ్ళ గురించి చెప్పారు. పదిహేడుకు పదమూడు పాయింట్లు వచ్చాయి. ఆ రోజు ఆమెకొక కిటుకు దొరికింది. కళ్ళలోకి చూస్తూ అడిగితే మనిషి తన గౌరవం కాపాడుకుంటాడు, కాలికి కట్టు కడుతూ అడిగితే నిజం చెబుతాడు. వ్యాన్‌లో బేసిన్లు మూడయ్యాయి. ముప్పై రోజుల్లో ముప్పై ఎనిమిది మందిని పట్టుకున్నారు. ఇద్దరు వేరే రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. ఒకాయన జనవరిలోనే చలికి చనిపోయారని తెలిసిన రోజు ఆమె వ్యాన్‌లో కూర్చుని ఏడ్చారు. ఆ ఫారం అలాగే మిగిలిపోయింది.

మే నెలలో వెండెల్ గారికి గది వచ్చింది. మూడు పనిదినాల్లోగా ఆయన వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే గది తర్వాతివారికి వెళుతుంది. తీరా చూస్తే ఆయన కోలుకునే కేంద్రం వదిలి ఎటో వెళ్ళిపోయారు. నది ఒడ్డున గుడారాలు ఖాళీ చేయించేశారు. మొదటి రోజు దొరకలేదు. రెండో రోజు దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఆ నలభై ఒక్కమందిలో ఒకరైన ఒక ముసలమ్మ దేవకుమారిగారిని గుర్తుపట్టి, "ఆయన పొద్దుటి నుంచీ బస్సు దిగడు. వెనక సీటులో కాలు చాపుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంటాడు," అని బస్సు నంబరు చెప్పింది.

"తమ్ముడూ, ఆ బస్సుని ఓవర్‌టేక్ చెయ్యి."

"అక్కా, ఇది కౌంటీ వ్యాను, స్పీడ్ లిమిట్ ముప్పై."

"అయితే ముప్పైలోనే చెయ్యి."

నాలుగు స్టాపుల ముందుకు వెళ్ళి ఆమె రోడ్డు పక్కన నిలబడి రెండు చేతులూ ఎత్తారు. బస్సు ఆగింది. వెనక సీటులో వెండెల్ గారు నిద్రపోతున్నారు. లేపి సంగతి చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. "ఇవాళ వద్దు మేడమ్. తాగి ఉన్నాను. సోమవారం శుభ్రంగా తయారై వస్తాను. ఆ ఇంటివాళ్ళ ముందు ఈ వాసనతో ఎలా నిలబడను?"

అక్టోబరు నాటి దేవకుమారిగారైతే ఆ మాటను మన్నించి ఉండేవారు. ఈమె ఆయన పక్కన కూర్చుని, "సోమవారానికి గది ఉండదు. వాసనతోనే రండి," అని చెయ్యి పట్టుకున్నారు. బస్సు డ్రైవరు ఇంజను ఆపి కూర్చున్నాడు. ప్రయాణికుల్లో ఒక్కరూ విసుక్కోలేదు. మూడు నిమిషాల తర్వాత వెండెల్ గారు లేచి నిలబడ్డారు. నాలుగూ నలభైకి సంతకం పెట్టారు. అయిదుకు కార్యాలయం మూసేస్తారు. రాజారావు వ్యాన్‌లో స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు, నవ్వాడు కూడా.

అటు తర్వాతి ప్రస్థానం దేదీప్యమానం. ఒకే ఇంటర్వ్యూలో కాకుండా మూడు నాలుగు సందర్శనలలో, వైద్యం చేస్తూ ఫారం నింపే పద్ధతిని కౌంటీ రెండు వేల పదహారులో నియమంగా స్వీకరించింది. పద్దెనిమిదిలో ఆమె బృంద నాయకురాలయ్యారు. మహమ్మారి కాలంలో అందరూ తలుపులు మూసుకున్నప్పుడు, తలుపులే లేనివారి కోసం ఆమె ఒక్క రోజూ సెలవు పెట్టలేదు. మత్తుమందుల వ్యసనానికి ఇచ్చే మందులను క్లినిక్‌లో కాక వ్యాన్‌లోనే మొదలుపెట్టే కార్యక్రమానికి ఇరవై రెండులో శ్రీకారం చుట్టారు. ఆమె శిక్షణలో ఎదిగి నేడు ఆమె స్థానాన్ని స్వీకరిస్తున్న మేధ, మొదటి వారమే రోగి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, "కుర్చీ తీసెయ్ అమ్మా, కింద కూర్చో" అని చెప్పడం మేమంతా విన్నాం.

పదవీ విరమణ కాగితాలు సిద్ధం చేస్తూ గత నెలలో సిబ్బంది విభాగం వారు ఒక శుభవార్త చెప్పారు. పదేళ్ళు దాటింది గనుక ఆ పాత హెచ్చరికను, దానికి జతచేసిన ఉత్తరాన్ని ఫైలులో నుంచి తొలగించి మచ్చలేని సేవా పత్రం ఇస్తామన్నారు. దేవకుమారిగారు వద్దన్నారు. "అది తీసేస్తే ఆ నలభై ఒక్క పేర్లూ ఒక్కచోట ఇంకెక్కడా ఉండవండీ. ఉండనివ్వండి," అన్నారు. ఉండనిచ్చారు.

రెండు వేల ఇరవై అయిదు అక్టోబరు ముప్పై ఒకటిన, శుక్రవారం, ఆమె పదవి నుంచి విరమిస్తున్నారు. మోకాళ్ళు సహకరించినంత మేర సామ్యూల్ గారితో పొద్దుటి నడకలూ, క్రిస్టీ పిల్లలతో అల్లరీ, చర్చిలో పాటలూ, ఎవరి కాలూ కడగనక్కరలేని తీరుబడి ఉదయాలూ ఆమెకు సమృద్ధిగా లభించాలని, కంటికి చూపు, ఒంటికి సత్తువ, మనసుకు నెమ్మది తరగకుండా నూరేళ్ళు వర్ధిల్లాలని మా బృందం మనసారా కోరుకుంటోంది. ఇలా కోరుకునేది మేమొక్కరమే కాదు. ఆ ఉత్తరంలోని నలభై ఒక్కమందిలో ఇరవై ముగ్గురు, ఎనభై ఏళ్ళ వెండెల్ గారితో సహా, ఈ సాయంత్రం వీడ్కోలు సభకు తమ తమ ఇళ్ళకు తాళాలు వేసుకుని వస్తున్నారు.