తూక్ తాత రాతిగుండు

వియత్నాంలో హో రాజుల రాతికోట పక్క ఊళ్ళో తూక్ తాతకి ఒక్కటే కోరిక. శనివారం బడిపిల్లలు కోట చూడ్డానికి వచ్చినప్పుడు దక్షిణ ద్వారం దగ్గర నిలబడి దాని కథ చెప్పేది తనే కావాలి. మూడేళ్ళుగా ఆ మర్యాద అదే ఊరి బూంగ్ కొట్టేస్తున్నాడు. ఈసారి కథ చెప్పే మనిషిని ఎంచడానికి పంతులమ్మ థ్వా ఇవాళ న్యాన్ అవ్వ టీకొట్టుకి వస్తుందని తెలిసి, తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే బల్ల మీద చతికిలబడ్డాడు.

పంతులమ్మ టీ గ్లాసు అందుకుందో లేదో, తాత కథ ఎత్తుకున్నాడు.

"కోట గోడల లోపలే కదమ్మా మా పొలం! మొన్న వానల్లో దున్నుతుంటే నాగలికి ఠంగుమని తగిలింది. తీసి చూద్దును కదా, రాతిగుండు! నున్నగా, దబ్బకాయంత. ఆ రోజుల్లో ఇంటంతేసి బండల్ని ఇలాంటి గుండ్ల మీదే దొర్లించుకొచ్చి కట్టేశారు గోడని. మూడంటే మూడు నెలల్లో!"

పంతులమ్మ రాసుకుంది. దాంతో తాతకి హుషారెక్కింది.

"దబ్బకాయంటే మరీ దబ్బకాయ కాదులే, గుమ్మడికాయంత. ఎత్తబోతే లేవదే! గేదెని కట్టి లాగిస్తే గేదె కూలబడింది. అప్పుడేం చేశానో తెలుసా? చొక్కా విప్పి..."

"నీకు మోకాళ్ళ నొప్పులు కదా," అన్నాడు పక్కన వెదురుగొట్టంతో పొగ పీలుస్తున్న హాక్.

"తోసేది చేతుల్తోరా, మోకాళ్ళతో కాదు! ఒక్క తోపు తోశానమ్మా, కదిలింది. కదిలింది ఇక ఆగదే! నేనూ నా గేదే దాని మీదెక్కి, దక్షిణ ద్వారంలోంచి బయటపడి, కోట చుట్టూ మూడు చుట్లు!"

"గుమ్మడికాయ మీద గేదె ఎలా నిలబడింది?" అన్నాడు హాక్.

"అప్పటికది మట్టి చుట్టుకుని గాదెంత అయింది." తాత తడుముకోలేదు.

పంతులమ్మ కలం ఆగిపోయింది. తాతకి బూంగ్ గాడి నవ్వు కళ్ళముందు మెదిలింది. ఇప్పుడు తగ్గితే కొంప మునుగుతుందని గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉత్తరం గోడలోంచి జారిపడ్డ బండ, ఇరవై గేదెల బరువు! గుండుని దాని కిందికి నెట్టి, నడుం వంచి 'హుం' అన్నా. బండ ఎగిరి తన చోట తను కూర్చుంది. ఇంతలో గోడలోంచి ఆనాటి మేస్త్రీ ఒకడు బయటికొచ్చి, నా చేతులు పట్టుకుని భోరుమన్నాడు. 'అయ్యా, ఆరువందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టావు. నువ్వుంటే మూడు నెలలెందుకు, మూడు రోజుల్లో ముగించేవాళ్ళం' అని!"

"తాతా," అంది పంతులమ్మ, "ఆ గుండు పిల్లలకి చూపించండి. శనివారం కథ మీదే."

తాత ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మరుక్షణమే గతుక్కుమన్నాడు.

"చూపించేవాణ్ణే... కానీ మా పెద్దల పూజాపీఠం దగ్గర పెట్టేశామమ్మా. ఎనిమిదిమంది పట్టినా కదలదు."

న్యాన్ అవ్వ లేచింది. మూలనున్న ఊరేసిన వంకాయల జాడీ మూత తీసి, ఉప్పునీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాయలు తేలకుండా పెట్టే బరువురాయిని పైకి తీసి, తాత ముందు బల్ల మీద పెట్టింది. నున్నగా, గుండ్రంగా, దబ్బకాయంత ఉంది.

"నా జాడీ రాయి పగిలిందంటే మీ ఆవిడే కూరలబుట్టలో వేసుకొచ్చి ఇచ్చింది," అంది. "ఒక్కతే తెచ్చింది."

హాక్‌కి నవ్వుతో పొగ పొలమారింది. తాత ఉప్పునీళ్ళోడుతున్న గుండుని అటూ ఇటూ తిప్పాడు.

"చూశావామ్మా, ఊరబెడితే వంకాయలే కాదు, రాళ్ళు కూడా ఎంత చిక్కిపోతాయో!"

పంతులమ్మ నవ్వు బిగబట్టి పుస్తకంలో ఏదో రాసింది. తాత ఆశగా మెడ చాచి చదువుకున్నాడు.

కథ చెప్పేది, బూంగ్. గుండు మోసేది, తూక్ తాత. సాయానికి ఎనిమిదిమంది పిల్లలు.