తలుపు తీస్తే మూలిగే కారు

బానెట్ ఎత్తిన కారు ముందు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డు నడిపే మరదలు ఆయిల్ చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"మీ అక్క తోలి తోలి గేర్‌బాక్సు పాడుచేసింది. అందుకే ఆర్నెల్లుగా తాళం ఇవ్వట్లేదు."

"గేర్లు దానంతటదే మార్చుకునే కారుకి అక్క ఏం చేస్తుంది బావా? సరే, డ్రైవరు తలుపు తీయి."

తీశాడు. బానెట్ లోపల గేర్ల ఆయిల్ పంపు ఆగకుండా మూలిగింది.

"ఇప్పుడు ఎవరు తోలుతున్నారు?"

"ఎవరూ లేరుగా!"

"మరెందుకు మూలిగింది? గేర్లు మార్చే ఆయిల్ ప్రెషర్‌ని దాచే అక్యుములేటర్ ఇదిగో, ఈ ఇనప గుండు. ఎవరు తోలినా, కొన్నేళ్లకి ఇందులో గ్యాస్ పోయి ప్రెషర్ నిలవదు, తలుపు తీయగానే పంపు ఆగకుండా తిరుగుతుంది. నింద మాత్రం మా అక్క మోసింది."

మరదలు ప్రెషర్ వదిలించి, పాతది విప్పి, కొత్తది బిగించింది.

"మళ్ళీ తీయి."

పంపు ఒక్క క్షణం గొణిగి ఊరుకుంది.

"అబ్బ, నీ చెయ్యే చెయ్యి!"

"కాకా పట్టకు. ఈ పాత గుండు అక్క చేతిలో పెట్టి, తప్పు దీనిదని చెప్పు."

"తాళం ఇచ్చేస్తాగా. చాలదా?"

"చాలదు. ఉత్త తాళమిస్తే, చేయని తప్పుని రాజుగారు క్షమించినట్టుంటుంది."