సర్వర్ రూములో ఆయుధపూజ

హూడిలోని ఆఫీసులో ఆయుధపూజ. కుంకుమ పళ్ళెంతో వచ్చిన హౌస్‌కీపింగ్ ఆమె ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెను ఆపబోతుంటే, కొత్తగా చేరిన ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపొద్దక్కా! నేను పెట్టిన సెట్టింగులు ఇంకా సేవ్ చేయలేదు. ఇప్పుడు కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుంది."

"బేగ కానీయప్పా, రాహుకాలం వస్తా ఉండాది. ఆపకుండా పూజ ఎట్ల చేసేది?"

"ఒక్క నిమిషం... సేవ్ అయింది. ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ కూడా పెట్టుకున్నా. ఇప్పుడు ఆపక్కా."

ఆమె ఆపి, బొట్టు పెట్టి, దండం పెట్టుకొని మళ్ళీ వేసింది. దాని మీది లైట్లు ఇంకా వెలగలేదు.

"ఏమప్పా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతా ఉండావు?"

"పోయినేడు ఎవరో చెప్పకుండా ఆపేస్తే సెట్టింగులన్నీ పోయాయట. రెండు రోజులు ఆఫీసంతా ఆగిపోయింది. నాకు ముందున్నాయన ఉద్యోగం ఊడింది. ఎవరు ఆపారో మాత్రం తేలలేదట."

లైట్లు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. ఆమె కుంకుమ పళ్ళెం కింద పెట్టింది.

"నేనే అప్పా. పూజకని ఆపితి."

"ఉద్యోగం పోయినాయనకు తెలియదా?"

"తెలీకేమి? నేను పెట్టిన బొట్టు దాని మీదనే ఉండె. మేనేజరు వచ్చేలోపల ఆయనే కర్చీపుతో తుడిచేసినాడు."