ఎనిమిదో దెబ్బ

(హిందీ మాట్లాడే ప్రాంతంలో, ఆరంగ్ రోడ్డు పక్కన ఒక రాళ్ళ క్వారీ. అక్కడ మందు పేల్చే నాగబాబు, ఐదో తరగతి చదివే అతని కూతురు భావన. ఆదివారం సాయంత్రం, ఇంటి అరుగు మీద.)

“మళ్ళీ మొదలెట్టు నాన్నా. రేపు మా బళ్ళో అందరి ముందూ ఇలా నసిగితే నా పరువు పోతుంది.”

“నసగలేదే. గొంతులో దుమ్ము. ఇప్పుడేగా వచ్చాను. హిందీలో చెప్పనా?”

“నీ హిందీకి క్లాసంతా నవ్వుతుంది. ముందు తెలుగులో సరిగ్గా రానీ.”

“ఊఁ. పిల్లలూ, క్వారీ ఆడుకునే చోటు కాదు. పొడుగ్గా ఒక కూత వినబడితే—”

“సైరన్ కూత అను. సగంమంది రైలుకట్ట పక్క పిల్లలు, రైలనుకుంటారు.”

“సైరన్ పొడుగ్గా ఒకసారి కూస్తే మందు పేలుస్తున్నామని. పొట్టిగా రెండుసార్లు కూస్తే భయం లేదని. ఆ రెండు కూతలూ వినకుండా ఎవరూ, ఎవ్వరూ గోతిలోకి దిగకూడదు. బాగుందా?”

“బాగుంది. ఇప్పుడు నేను ప్రేమ్‌చంద్ సార్ని. ‘నాగబాబు జీ, భయం లేదని మీకెలా తెలుస్తుంది?’”

“లెక్క సార్. ఎనిమిది కన్నాల్లో మందు కూరితే ఎనిమిది దెబ్బలు వినబడాలి. ఒకటి తగ్గిందా, ఆ మందు రాతిలో బతికే ఉందన్నమాట. సుత్తి తగిలినా, రాయి జారినా...”

“తగ్గితే?”

“అరగంట ఎవర్నీ దిగనివ్వను. తర్వాత నేనొక్కణ్ణే దిగి వెతుకుతాను.”

“ఇవాళ ఎన్ని?”

“ఇవాళ్టి సంగతి సారుకెందుకు?”

“సారు కాదు. నేనే అడుగుతున్నా.”

“ఎనిమిది.”

“డాబా మీంచి నేను ఏడే లెక్కపెట్టాను.”

“రెండు కలిసి పేలుంటాయి.”

“కలిస్తే దెబ్బ పెద్దగా వస్తుందని నువ్వేగా చెప్పావు? ఏదీ పెద్దగా రాలేదు.”

“గాలి అటు తిరిగుంటుంది. నీళ్ళు తే.”

“ఇదిగో. తాగకుండా మొహం కడుక్కుంటున్నావేం?”

“పొద్దుట్నుంచీ డ్రిల్లు పట్టాను కదమ్మా. నేను వదిలినా దాని దుమ్ము నన్ను వదలదు.”

“ఎనిమిదేనా? నా మీద ఒట్టేసి చెప్పు, ఊరుకుంటా.”

“ఒట్లెందుకు ఇంత దానికి?”

“చెప్పు నాన్నా. చెప్పు, చెప్పు.”

“ఏమిటీ గోల! ఆదివారం. కూలీలు ఇళ్ళకి పోతామన్నారు. క్వారీ లెక్కలు చూసే మున్షీ నెత్తిమీద నిలబడి ‘జల్దీ కరో, జల్దీ కరో’ అని ఒకటే తొందర. గేటుకి తాళం వెయ్యాలట. రేపు ఆరింటికే, అందరికంటే ముందే వెళ్ళి చూస్తాను. అంతదాకా అక్కడెవరుంటారు? ఎవరూ ఉండరు.”

“అంటే ఏడు.”

“...ఏడే తల్లీ. అమ్మకి చెప్పకు.”

“మరి రెండు కూతలెందుకు కూయించావు?”

“కూయించకపోతే అరగంట ఆగాలి. ఆగనిస్తాడా వాడు? సర్లే, చీకటి పడుతోంది. తమ్ముడేడీ?”

“రేపటి కోసం మోడల్ చేస్తున్నారు నాన్నా. మా క్లాసు ఊర్మిళ, మాలతి, తమ్ముడు. అట్టతో క్వారీ, పుల్లకి ఎర్ర జెండా.”

“ఊర్మిళ వాళ్ళింట్లోనా?”

“అట్ట అక్కడే ఉంది. అందులో పెట్టడానికి రాళ్ళు కావాలని, మధ్యాహ్నం నుంచీ క్వారీ కంచె బయట కూర్చున్నారు. నువ్వు చెప్పినట్టే, ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు నాన్నా. డాబా మీంచి చూశాగా, రెండు కూతలూ విన్నాకే కంచె దూరి గోతిలోకి దిగారు.”